అన్నం మానిన మొక్కు

గోదావరిఖని ఎయిటింక్లైన్ కాలనీలో అనసూర్యను ఎరగనివాళ్ళు లేరు. మనిషి చిన్నదే, గొంతు పెద్దది. నల్లా దగ్గర ఆమె కొంగు నడుముకు దోపిందంటే ముందు నిలబడ్డవాళ్ళు కూడా బిందె పక్కకు జరిపేవాళ్ళు. కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో పుట్టి, పోశం వెంట క్వార్టర్‌కు వచ్చిన నెలకే వెనక ఉన్న జానెడు జాగాలో తోటకూర చల్లింది, గోంగూర నాటింది, దడికి బీరపాదు ఎక్కించింది. ఆకుకూర బజార్లో కొనడమంటే ఆమెకు నామోషీ. అబద్ధమాడడం అంతకంటే నామోషీ. ఏదున్నా మొహం మీద అనేసే రకం. అట్లాంటి మనిషి జన్మకంతా ఒక్కటే అబద్ధం ఆడింది. అది ఎందుకాడిందో చెప్పాలంటే ముందు పోశం తిండి సంగతి చెప్పాలి.

పోశం బాయిలో టింబర్‌మన్. అక్కడ బొగ్గుగనిని బాయి అనే అంటారు. బొగ్గు తీసిన చోట కప్పు కూలి మనుషుల మీద పడకుండా కింద దుంగలు నిలబెట్టడం అతని పని. ఆరడుగుల మనిషి. నోట్లోంచి మాట ఊడిపడడమే గగనం. అన్నం దగ్గర మాత్రం చెయ్యి ఆగేది కాదు. మూడు గిన్నెల టిఫిన్‌లో రెండు గిన్నెలు అన్నమే. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి కంచం ముందు కూర్చున్నాడంటే అనసూర్యకు గంటె కింద పెట్టే తీరిక ఉండేది కాదు.

"నీ ఒక్కనికి వండుటికంటె కంపెనీ క్యాంటీన్ నడుపుడు అల్కగుంటది" అనేది ఆమె. అతను నవ్వి ఇంకో ముద్ద కలుపుకునేవాడు.

రెండువేల ఐదు ఎండాకాలంలో ఆ మనిషి కళ్ళముందే కరిగిపోయాడు. తింటున్నాడు, తిన్నది ఎటు పోతున్నదో తెలియదు. చెంబుల కొద్దీ నీళ్ళు తాగేవాడు. ప్యాంటు నడుము మీద నిలవక తాడు కట్టుకుని డ్యూటీకి పోయేవాడు. అనసూర్య ఊరుకునే మనిషా? రెక్క పట్టుకుని కరీంనగర్ తీసుకుపోయింది. కంపెనీ దవాఖాన ఇంటికి కూతవేటు దూరంలో ఉండగా కరీంనగర్ దాకా ఎందుకంటే, పోశమే పట్టుబట్టాడు. ఎదురు వరుసలో ఉండే ఎల్లన్నకు షుగర్ వచ్చిందని, సూది మందు తీసుకుంటున్నాడని తెలిసి బాయిలోంచి తీసి పైన గేటు దగ్గర కూర్చోబెట్టారని కాలనీలో చెప్పుకునేవాళ్ళు. సూది తీసుకునేవాడికి ఇక బాయిపని ఉండదట. ఎవరన్నారు? అందరూ అన్నారు. ఎల్లన్నను అడిగినవాడు ఒక్కడూ లేడు. కాలనీ అంటే అట్లనే ఉంటుంది. అవతలివాడి ఇంట్లో ఏం కూరో తెలుసు, అవతలివాడి ఒంట్లో ఏముందో మాత్రం అడగరు.

కరీంనగర్ డాక్టర్ ముసలాయన, నిదానంగా మాట్లాడే మనిషి. రక్తం కాగితాలు చూసి కళ్ళద్దాలు తీశాడు.

"గోలీలతోటి అయ్యే పని కాదు. నీ ఒంట్ల ఇన్సులిన్ పుడుతలేదు. బతికినన్ని రోజులు రెండు పూటల సూది వేసుకోవాలె" అన్నాడు. తర్వాత తిండి చెప్పాడు. అన్నం, రొట్టె, తీపి ఎంత తగ్గిస్తే షుగర్ అంత చెప్పినట్టు వింటుందన్నాడు. గుడ్లు, మాంసం, చేపలు, ఆకుకూరలు, పల్లీలు, పెరుగు కడుపునిండా తినమన్నాడు. అన్నం తగ్గినకొద్దీ సూదిమందు కూడా తగ్గించాలని, ఆ లెక్క తనను అడగకుండా మార్చవద్దని రెండుసార్లు చెప్పాడు.

చివరికి అనసూర్య వైపు తిరిగాడు. "నువ్వు ఒక్కటి యాద్‌పెట్టుకో అమ్మా. షుగర్ ఎక్కువైతే మెల్లగ చంపుతది. తక్కువైతే ఒక్క పూటల పానం తీస్తది. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తేడా వచ్చిందంటే ఏం ఆలోచించకు. చక్కెరో బెల్లమో నోట్ల పెట్టు."

తిరుగు బస్సు పెద్దపల్లి దాటింది. అప్పుడు పోశం ఒక్క మాట అన్నాడు. "బాయిల ఎవ్వరికి తెల్వొద్దు అనసూర్య. పైన గేటుకాడ కూసుంటే నేను పోశాన్ని కాను." కూతురు మమత అప్పుడు మంచిర్యాలలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నది. ఆ పిల్ల చదువు పేరు కూడా ఎత్తాడు గాని, అసలు సంగతి అది కాదని అనసూర్యకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా భూమి కింద తను నిలబెట్టిన దుంగల కింద మనుషులు నడుస్తున్నారు. ఆ మనిషికి ఉన్న గర్వమంతా అదే. దాన్ని తీసేస్తే ఏం మిగులుతుందని అతని భయం.

అనసూర్య ఆ రోజు నుంచే అన్నం గిన్నె చిన్నది చేసింది. వారానికోసారి చిటికెడు చిటికెడు తగ్గించి ఆఖరికి అన్నం మొత్తమే మానిపించింది. పొద్దున మూడు గుడ్ల ఆమ్లెట్టు, పల్లీల పచ్చడి. మధ్యాహ్నం కోడికూరో, గోదావరి చేపలో, తోటకూరో. రాత్రి పెరుగులో కీరదోస ముక్కలు. నెలకోసారి కరీంనగర్ పోయి డాక్టర్‌కు కాగితాలు చూపించేవాళ్ళు, ఆయన మందు తగ్గించి రాసిచ్చేవాడు. ఏడాది తిరిగేసరికి నలభై పాయింట్ల సూది పద్దెనిమిదికి దిగింది. పోశం ఒంటికి మళ్ళీ కండ పట్టింది, మునుపటికంటే చురుగ్గా తిరిగాడు. పండుగనాడు పులిహోర వాసనకు లేచి బయటికి పోయి దడి పట్టుకుని నిలబడేవాడు. అది చూసి అనసూర్య, అతను ఇంట్లో ఉన్నంతసేపూ తనూ అన్నం తినేది కాదు. డ్యూటీకి పోయాక వంటింట్లో నిలబడి నాలుగు ముద్దలు మింగేది.

ఒక ఆదివారం పోశం మంచం మీద కూర్చుని ఉన్నట్టుండి అనసూర్యను తన తల్లి పేరుతో పిలిచాడు. నుదురంతా చెమట, కళ్ళు ఎటో చూస్తున్నాయి. ఆమెకు డాక్టర్ మాట గుర్తొచ్చింది. పిడికెడు చక్కెర తెచ్చి దవడ పట్టుకుని కొంచెం కొంచెం నోట్లో పోసింది. పావుగంటలో మనిషి మనిషయ్యాడు. "ఏమైంది, గట్ల చూస్తున్నవ్" అన్నాడు ఏమీ ఎరగనట్టు. ఆమె ఆ సాయంత్రమే కూర్చుని అతని డ్యూటీ ప్యాంట్లు రెండింటికీ నడుము పట్టీ లోపల చోరజేబు కుట్టింది. బొటనవేలంత చక్కెర పొట్లం అందులో పెట్టి పంపేది. లోపలికి పోయే ముందు బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని ఒళ్ళు తడిమి చూస్తారు. ఆ చిన్న పొట్లం వాళ్ళ చేతికి తగిలేది కాదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా టిఫిన్ దగ్గర వచ్చింది.

బాయిలో తిండి ఒంటరిగా తినరు. పదిమంది కింద కూర్చుని మూతలు తీస్తే ఎవరి చెయ్యి ఎవరి గిన్నెలో ఉందో లెక్కుండదు. వద్దంటే తప్పు పడతారు. అందుకని అనసూర్య గోబిపువ్వును మెత్తగా, పలుకులు పలుకులుగా తరిగి ఆవిరి పట్టి, తెల్లగా గిన్నెలో నింపి పంపేది. మీద కూర పోస్తే అన్నమే అనుకోవాలి. గోబి దొరకని రోజుల్లో క్యాబేజీ. అట్లా మూడు నెలలు గడిచాక ఒకరోజు నర్సింగం చెయ్యి ఆ గిన్నెలో పడింది.

నర్సింగం పోశం గ్యాంగులోనే పని. అనసూర్య పుట్టినూరివాడు. ఆ వరసన ఆమెను అక్క అంటాడు, పోశాన్ని బావ అంటాడు. ప్రాణమిచ్చే మనిషి, కాని నోట్లో నువ్వుగింజ నానదు. ముద్ద నోట్లో పెట్టుకుని మొహం అదోలా పెట్టాడు. "గిదేంది బావ, అక్క బియ్యం మర్చిపోయి గోబి వండింది" అన్నాడు. పదిమందీ వంగి చూశారు. ఎన్ని రోజులుగా అన్నం తింటలేవని ఒకరు, ఒంట్లో ఏమన్నా జబ్బా అని ఇంకొకరు. పోశానికి మాటలు రావని చెప్పాను కదా, ఆ రోజు రాకూడని మాట వచ్చింది. "సమ్మక్కకు మొక్కున్న. జాతరల బంగారం ఇచ్చేదాక అన్నం ముట్ట, తీపి ముట్ట" అన్నాడు.

ఆ తల్లికి బెల్లమే బంగారం. మేడారం జాతరలో మనిషి బరువుకు సరితూగే బెల్లం పెట్టి మొక్కు తీర్చుకుంటారు. మొక్కు మాట వినగానే అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. ఏం మొక్కు, ఎవరి కోసం అని మాత్రం నర్సింగం వదల్లేదు. పోశం రేపు చెప్తనని తప్పించుకుని ఇంటికి వచ్చి జరిగింది చెప్పాడు.

"మొక్కంటివి, బాగనే ఉన్నది. ఎవలకోసం అంటవ్?" అంది అనసూర్య. ఆమె కాసేపు గోడకు ఆనుకుని ఆలోచించి తనే తేల్చింది. "నాకోసం అని చెప్పు. నా గర్భసంచిల గడ్డ ఉన్నదని, ఆపరేషన్ అంటే భయపడ్తున్ననని, మానితె నిలువెత్తు బంగారం ఇస్తనని మొక్కినవ్. జాతర దాటినంక ఇంకేదన్న జూద్దాం."

"నీ మీద ఎందుకే గసొంటి మాట" అన్నాడు పోశం.

"నాకేమైతది, రాయిలెక్క ఉన్న" అంది.

అట్లా పుట్టింది ఆ అబద్ధం. అది పోశం కడుపున పుట్టినా, కాళ్ళిచ్చి నడిపించింది అనసూర్యే. నర్సింగం నోటిపుణ్యాన రెండు రోజుల్లో కాలనీ అంతా పాకింది. పక్కింటి సారక్క పొద్దున్నే వచ్చి "ఎట్లున్నది చెల్లె పానం" అని చెయ్యి పట్టుకుని చూసేది. నల్లా దగ్గర ఆమె బిందె వేరేవాళ్ళు మోసేవాళ్ళు. బండరాయిలాంటి మనిషి జబ్బుదానిలా మూలగడం నేర్చుకోవాల్సి వచ్చింది. రాత్రి ఆ మూలుగు పోశానికి చేసి చూపిస్తే అతను కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ నవ్వుకున్నంత పెళ్ళైన కొత్తలో కూడా నవ్వుకోలేదు. నర్సింగం మాత్రం ఆ మొక్కును తన నెత్తికెత్తుకున్నాడు. ఎవరైనా బాయిలో మిఠాయి పంచితే పోశం వైపు పోకుండా అడ్డం నిలబడేవాడు. "మా అక్క పానం ఆ మొక్కు మీదున్నది" అనేవాడు.

జాతర ఇంకో రెండు నెలలు ఉందనగా, రెండువేల ఏడు డిసెంబరులో, ఒక గురువారం. పోశానిది ఫస్ట్ షిఫ్టు. పొద్దున సూది వేసుకున్నాడు, ఆమ్లెట్టు తిన్నాడు, మాడిందని చెప్పకుండా తిన్నాడు. అనసూర్యే తర్వాత రుచి చూసి నాలుక కరుచుకుంది. అతను పోయాక తొమ్మిది గంటలకు బట్టలు నానబెట్టి ప్యాంటు పిండుతుంటే నడుము పట్టీ దగ్గర చేతికి జిగటగా తగిలింది. చోరజేబులో పొట్లం. కాగితం చితికి, చక్కెరంతా నీళ్ళలో కలిసిపోయింది. పొద్దున ఉతికి ఉన్న రెండో ప్యాంటు తీసిచ్చింది తనే, పొట్లం మార్చడం మరిచిందీ తనే.

రోజూ అవసరం పడదు కదా అని ఒక మనసు అన్నది. పడితే అని రెండో మనసు అన్నది. చేతులు కూడా తుడుచుకోకుండా కొత్త పొట్లం కట్టి, పిడికిట్లో పెట్టుకుని బాయి గేటు దాకా సగం నడిచి సగం పరుగెత్తింది. గేటు దగ్గర రాజం ఉన్నాడు. పెద్దమనిషి, లోపలికి పోయేవాళ్ళ ఒళ్ళు తడిమి పంపే పని అతనిది. లోపలికి ఏది పోయినా విప్పి చూడాల్సిందే, అది అతని డ్యూటీ. పక్కన రోడ్డు మీద ఏడెనిమిది మంది మనుషులు నిలబడి యూనియన్ ఎలక్షన్ల మాట మాట్లాడుకుంటున్నారు.

"ఏంది బిడ్డా, గిట్ల వచ్చినవ్? పోశానికేమన్న తెచ్చినవా?" అన్నాడు రాజం.

పిడికిలి విప్పితే చక్కెర. మొక్కులో ఉన్న మనిషికి పెళ్ళాం చక్కెర పంపడమేంది అని రాజం అడుగుతాడు. ఏడెనిమిది మంది తలలు తిప్పుతారు. జవాబు ఒక్కటే ఉంది, అది చెప్తే సాయంత్రానికి పోశం బాయిపని పోతుంది. ఆమె కళ్ళముందు ఎల్లన్న కుర్చీ కనబడింది, ఆ కుర్చీలో పోశం కనబడ్డాడు. పోశం నిన్న రాత్రి నవ్విన నవ్వు గుర్తొచ్చింది. రెండేళ్ళలో బాయిలో ఆ పొట్లం విప్పాల్సి వచ్చింది మూడుసార్లే, ఇవాళే ఎందుకొస్తుంది అనుకుంది. నల్లా దగ్గర నలుగురిని నోరెత్తనివ్వని మనిషికి ఆ గేటు దగ్గర గొంతు పెగలలేదు.

"ఏం లేదు కాక. జర జల్ది ఇంటికి రమ్మని చెప్పు" అంది.

"నీ పానం మంచిగలేదా?"

"మంచిగనే ఉన్న" అని వెనక్కి తిరిగింది. నడుస్తున్నంతసేపూ పిడికిలి విప్పలేదు.

పెద్దమనిషి కదా, మంచి మనసుతో రాజం ఆ మాటను లోపలికి పోతున్న ఒకరి చేత పంపాడు. అనసూర్య గేటు దాకా వచ్చిపోయింది, మొహం పీక్కుపోయి ఉంది, పోశాన్ని తొందరగా రమ్మన్నది. అది మొదట నర్సింగం చెవిన పడింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు సారక్క కొడుకు సైకిల్ మీద వచ్చి, పోశాన్ని స్ట్రెచర్ మీద పైకి తెచ్చారని, దవాఖానకు తీసుకుపోయారని చెప్పాడు. అనసూర్య చెప్పులు లేకుండా పరుగెత్తింది. దవాఖానలో డాక్టర్‌కు ఒక్క ఊపిరిలో అంతా చెప్పేసింది. సూది, రెండేళ్ళు, పద్దెనిమిది పాయింట్లు, పొద్దున ఎన్నింటికి, ఏం తిన్నాడు, అంతా. పొద్దున గేటు దగ్గర రాని గొంతు అప్పుడు వచ్చింది. ఆ డాక్టర్ ఇంకేం అడగకుండా నరంలోకి గ్లూకోజు ఎక్కించాడు. షుగర్ పైకి వచ్చింది. మనిషి రాలేదు. చాలాసేపు మెదడుకు తిండి అందలేదమ్మా అన్నాడు డాక్టర్. మూడు రోజులు పోశం కళ్ళు సగం తెరిచి పడుకున్నాడు. అనసూర్య అతని చెవి దగ్గర మూలిగి చూపించింది, నవ్వుతాడేమోనని. నాలుగోరోజు పొద్దున ఊపిరి ఆగిపోయింది.

ఏడవడానికి వచ్చినవాళ్ళంతా ఆమెను పట్టుకునే ఏడ్చారు. "నీకోసం అన్నం మానె, నీకోసం కడుపు మాడ్చుకునె" అని రాగం తీసి ఏడ్చారు. ఒక్కొక్క మాటా ఆమె గుండెలో దిగింది. ఎల్లన్న కూడా వచ్చాడు. కర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు. మాట కలపాలని, నీకు సూది మందు ఎట్ల సరిపడ్డది అన్నా అని అడిగింది అనసూర్య. ఎల్లన్న తెల్లమొహం వేశాడు. "నాకు సూదేంది చెల్లె? నాకు షుగరే లేదు. మోకాళ్ళు పోయినయని నేనే అడిగి గేటుకాడ ఏపించుకున్న" అన్నాడు. రెండేళ్ళు ఏ కుర్చీకి భయపడి బతికారో, ఆ భయం ఎంత ఉత్తదో ఎదురు వరుస దాకా నడిచి అడిగి ఉంటే తెలిసేది. తలకాయ గోడకేసి కొట్టుకోవాలనిపించింది ఆమెకు.

పన్నెండో రోజు మధ్యాహ్నం, చుట్టాలు సర్దుకుని పోయాక, మమత లోపల పడుకుని ఉండగా నర్సింగం వచ్చాడు. సెకండ్ షిఫ్టుకు పోయే బట్టల్లో, చేతిలో టిఫిన్‌తో. అన్ని రోజులూ పాడె మోసి, కట్టెలు మోసి, అన్నీ చూసిన మనిషే గాని ఆమె కళ్ళలోకి చూడలేదు. లోపలికి రాకుండా గడప బయట మెట్టు మీద కూర్చున్నాడు.

"అక్కా, నీకు ఒక సంగతి చెప్పాలె" అన్నాడు.

చెప్పాడు. ఆ రోజు కప్పు మెత్తబడిందని, పట్టాల మీది తొట్లు అక్కడిదాకా రావని, దుంగలన్నీ భుజాల మీదనే మోశామని. పదకొండింటికి బావ చేతులు వణికినయని. నడువుమంటే నడుస్తలేడు, ఒకటంటే ఒకటి అంటున్నాడని. "నోట్ల తీపి పెట్టురా అన్నడక్క. మా గ్యాంగు మల్లేశం దగ్గర అరటిపండుండె. ఇయ్యబోయిండు. నేనే చెయ్యి అడ్డం పెట్టిన. అంతకు ముందే నువ్వు గేటుకాడికి వచ్చినవని ఎరుకైంది. నీకు తక్లీఫ్ ఎక్కువైందనుకున్న. ఇప్పుడు మొక్కు తప్పితే అక్కకేమన్న అయితదనుకున్న. సూది, సూది అన్నడు. ఏ సూది బావ అంటే చెప్పలే. అన్నం లేక నీరసం పట్టిందని దుంగకు ఆనిచ్చి పండబెట్టినం. జర నిద్రపోతె లేస్తడనుకున్నం."

అనసూర్య అతని కుడిచేతి వైపు చూసింది. ఆ చెయ్యే అరటిపండును నెట్టేసింది. దాన్ని విరిచెయ్యాలన్నంత కోపం వచ్చింది. మరుక్షణం తన పిడికిలి గుర్తొచ్చింది.

"దవాఖానల కాంపౌండర్ ఒక మాటన్నడక్క" అన్నాడు నర్సింగం. "బావకు షుగరట. ఆ టైముల తీపి పెడితే బతుకుతుండె అన్నడు. పది రోజులాయె, నాకు కన్ను మూతపడ్తలేదు. నువ్వు అబద్ధం చెప్పవు. నువ్వు చెప్పు. మొక్కు నిజమేనా?"

నిజం చెప్పెయ్యాలని ఆమె ఒళ్ళంతా కొట్టుకుంది. ఒక్కరు మోసే బరువు ఇద్దరు మోస్తారు. ఎవరో ఒకరి ముందు గుండె పగిలేట్టు ఏడవవచ్చు, మొక్కు లేదు, ఏం లేదు, గేటు దగ్గర నేనే నోరు మూసుకున్నానని. ఈ భూమ్మీద ఆ మాట చెప్పుకోదగ్గవాడు వీడొక్కడే. కాని వీడు ఇంకో గంటలో మళ్ళీ అదే బాయిలోకి దిగాలి, అదే దుంగ పక్కనుంచి నడవాలి. ఇంకా పదిహేనేళ్ళ సర్వీసు ఉంది.

"నిజమే తమ్మీ" అంది.

"మరి షుగరు?"

"ఉండె. అది వేరే, మొక్కు వేరే."

"తీపి పెడితే బతుకుతుండెనా అక్కా?"

ఆమె గడప గట్టిగా పట్టుకుంది. "లేదు. పెట్టినా బతకకపోతుండె. పెద్ద డాక్టరే చెప్పిండు. కాంపౌండర్‌కు ఏం తెలుసు."

నర్సింగం మోకాళ్ళ మీద తల పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. పది రోజుల నుంచి గొంతులో అడ్డం పడ్డది దిగినట్టు ఏడ్చాడు. ఆమె కళ్ళలో చుక్క రాలేదు. ఇక ఆ సంగతి చెప్పుకుని ఏడవడానికి ఆమెకు మనిషే లేకుండా పోయాడు. కాసేపటికి అతను మొహం తుడుచుకుని, ఆమెను ఓదార్చాలని, దాచుకున్న మంచి మాట ఒకటి తీసి ఇచ్చాడు.

"రెండోసారి అడిగినప్పుడు నీ పేరు చెప్పినక్క. మా అక్క పానం కోసమే గద బావ, ఇంకొన్ని రోజులు ఓర్చుకో అన్న. నీ పేరు ఇనంగనే సప్పుడు చెయ్యలే. మల్ల అడగలే."

సెకండ్ షిఫ్టు సైరన్ కూసింది. అతను టిఫిన్ తీసుకుని లేచాడు. మెట్టు దిగి, వెనక్కి తిరిగి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు.

"పోయొస్త అక్క. నువ్వు మంచిగుండాలె. బావ నీకోసమే పాయె" అన్నాడు.

"పోయి రా తమ్మీ" అంది అనసూర్య.